సద్ది డబ్బా, నూనె గ్లాసు

2017, 2018 సంవత్సరాల్లో మన కిరాణా దుకాణాల్లో ఒక కొత్త బేరం మొదలైంది. తలకు పెట్టుకునే కొబ్బరినూనె కాదు, తాగే కొబ్బరినూనె కావాలని జనం అడగసాగారు. విజయవాడకు చెందిన వీరమాచనేని రామకృష్ణ సభలు పెట్టి, వీడియోల్లో చెప్పి, రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంటింటికీ చేర్చిన పద్ధతి అది. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, రెండు మల్టీవిటమిన్ గోలీలు. అన్నం, రొట్టె, పప్పు, పండ్లు, చక్కెర అన్నీ బంద్. ఆయన డాక్టరు కాదు. ఆ మాట ఆయనను నమ్మినవాళ్లకు అడ్డం రాలేదు, తిట్టినవాళ్లకు అదే మొదటి ఆయుధమైంది.

గోదావరిఖనిలో ఎయిటింక్లైన్ కాలనీ నుంచి మార్కండేయ కాలనీ దాకా ఈ డైట్ గురించి మాట్లాడుకోని వాడ లేదు. ఊపు చల్లబడింది కానీ మాట ఆగలేదు. ఇప్పుడు అదే పద్ధతిని కుర్రాళ్లు ‘కీటో’ అంటున్నారు. ఫోన్లో చూసి మొదలుపెట్టి, నెల తర్వాత తూకం యంత్రం ఎక్కి సంబరపడుతున్నారు. సంబరం అబద్ధం కాదు. దాని వెనక ఏముందో, బొగ్గు బాయిలో పనిచేసేవాడి ఒంటికి అది ఎంతవరకు సరిపోతుందో ఓపికగా చూడాల్సిన అవసరం మాత్రం ఉంది.

ముందు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఈ తిండి పుట్టింది లావు తగ్గడానికి కాదు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రసెల్ వైల్డర్ అనే డాక్టరు మూర్ఛ జబ్బుకు దీన్ని ప్రతిపాదించాడు. ఉపవాసం ఉంటే ఫిట్స్ తగ్గుతాయని ఎప్పటినుంచో తెలుసు. అయితే ఎంతకాలమని పస్తు పెడతారు? తింటూనే ఒంటిని పస్తులో ఉన్నట్టు మార్చాలంటే పిండిపదార్థం తీసేసి కొవ్వు పెట్టాలి. అప్పుడు కాలేయం కొవ్వును కీటోన్లుగా మారుస్తుంది, మెదడు వాటితో నడుస్తుంది. 1938లో ఫెనిటాయిన్ మందు వచ్చాక ఈ తిండిని దాదాపు మరిచిపోయారు. మందులకు లొంగని పిల్లల కోసం మళ్లీ తీశారు. 2008లో ఫలితాలు వచ్చిన, లండన్‌లో 145 మంది పిల్లల మీద జరిగిన పరీక్షలో, ఈ తిండి తిన్నవారిలో 38 శాతం మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి. తిననివారిలో ఆ మేలు 6 శాతం మందికే. ఢిల్లీ ఎయిమ్స్‌ డాక్టర్లు దీనికి దగ్గరి చుట్టమైన మాడిఫైడ్ అట్కిన్స్ తిండిని 102 మంది పిల్లల మీద చూసి 2013లో ఫలితాలు చెప్పారు. 52 శాతం మందికి ఫిట్స్ సగానికి మించి తగ్గాయి. అంటే ఇది ఉత్త గాలి కబురు కాదు. మందు పనిచేసినట్టు పనిచేసే తిండి. ఆ పిల్లలకు డైటీషియన్ గ్రాముల లెక్కన కొలిచి ఇస్తుంది, రక్తపరీక్షలు చేయిస్తుంది, కిడ్నీలో రాళ్లు వస్తాయేమో చూస్తుంది. మనం కీటోను తెచ్చుకున్నాం, ఆ కాపలాను ఆసుపత్రిలోనే వదిలేశాం.

షుగర్ సంగతికి వద్దాం. అమెరికాలో విర్టా హెల్త్ అనే సంస్థ కీటో పద్ధతిలో 262 మంది షుగర్ రోగులను ఏడాది పాటు చూసుకుని 2018లో ఫలితాలు చెప్పింది. మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 7.6 నుంచి 6.3కు దిగింది, బరువు 12 శాతం తగ్గింది, ఇన్సులిన్ వాడుతున్నవారిలో 94 శాతం మందికి డోసు తగ్గడమో పూర్తిగా ఆగడమో జరిగింది. వాళ్లంతా ఇష్టపడి చేరినవాళ్లు, చీటీ తీసి వేరుచేసినవాళ్లు కారు. వెనక డాక్టరూ కోచ్‌ రోజూ ఫోన్లో ఉన్నారు. అన్ని మినహాయింపులు తీసేసినా ఆ అంకెలు చిన్నవి కావు. 2019లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా పిండిపదార్థం తగ్గించడం షుగర్ అదుపుకు పనికొచ్చే మార్గాల్లో ఒకటని ఒప్పుకుంది. కాబట్టి ‘నూనె తాగితే షుగర్ తగ్గుతుందా’ అని నవ్వి పంపించిన డాక్టర్లది పొరపాటేనని నా అభిప్రాయం. మీటర్లో 280 నుంచి 130కి దిగిన అంకెను తన కళ్లతో చూసుకున్నవాడి ముందు నవ్వితే, వాడు డైట్ మానడు. డాక్టరు దగ్గరికి రావడం మానేస్తాడు. జరిగింది అదే.

ఇక్కడి కంచం లెక్క చూస్తే ఆ అంకె ఎందుకు దిగుతుందో తెలిసిపోతుంది. వంద గ్రాముల బియ్యంలో దాదాపు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. పూటకు 150 గ్రాముల బియ్యం లెక్కన రెండు పూటలు తింటే 230 గ్రాములు దాటుతుంది. పొద్దున ఇడ్లీలో పూరీలో, చక్కెర వేసిన చాయ్‌లో ఇంకా కొంత. కీటోలో రోజు మొత్తానికి 20 నుంచి 50 గ్రాములకు మించకూడదు. అంటే ఒక్క జొన్నరొట్టె తింటే రోజు కోటాలో సగం పైగా అయిపోయినట్టే. కందిపప్పు కూడా దూరమే. శాకాహారికి ఇది ఎంత కష్టమో ఇక చెప్పక్కర్లేదు.

ఆ అన్నం కుప్ప మన పెద్దల తిండి అనుకునేవాళ్లున్నారు. కరీంనగర్ పల్లెల్లో ముందు జొన్న గటక, మక్క గటక, అంబలి ఉండేవి. శ్రీరాంసాగర్ నీళ్లు, బోర్లు, 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక అన్నం మూడు పూటల తిండయింది. బాయిలో తట్టా చెమ్మస్ పట్టి టబ్బులు నింపే కోల్ ఫిల్లర్‌కు ఆ అన్నం కావాలి. ఎనిమిది గంటల్లో దాన్ని కరగదీసేవాడు. ఇప్పుడు బొగ్గును ఎస్‌డీఎల్ యంత్రం ఎత్తుతోంది, ఓపెన్‌కాస్టులో డంపర్ ఆపరేటర్ షిఫ్టంతా సీట్లో కూర్చుంటున్నాడు. పని మారింది. సద్ది డబ్బా సైజు మారలేదు. పైగా వారం వారం మారే షిఫ్టులు. నైట్ షిఫ్టు చేసి తెల్లారి ఇంటికొచ్చి కడుపునిండా తిని పడుకునే ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా నడవదు. షిఫ్టు పనికీ షుగర్‌కూ సంబంధం మీద రెండు లక్షలకు పైగా మంది సమాచారాన్ని కలిపి చూసిన సమీక్షలో షిఫ్టుల్లో పనిచేసేవారికి ముప్పు 9 శాతం ఎక్కువని తేలింది. మగవాళ్లలో అది ఇంకా ఎక్కువ.

అందుకే కీటో పక్షాన ఉన్నవాళ్లు చెప్పే మొదటి మాట నిజం. మన తిండిలో పిండిపదార్థం మితిమీరింది. ఐసీఎంఆర్ దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం భారతీయుల శక్తిలో 62 శాతం దాన్నుంచే వస్తోంది. అదే అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని 2023లో చెప్పింది.

చిక్కంతా రెండో మాట దగ్గర వస్తుంది. పిండిపదార్థం తగ్గించాలంటే నూనె తాగాల్సిందేనా?

ఇంగ్లండు, స్కాట్లాండ్‌లలో డైరెక్ట్ పేరుతో ఒక పరీక్ష జరిగింది. 2017లో ఫలితాలు వచ్చాయి. రోజుకు దాదాపు 850 కేలరీలు, పొడి కలిపిన సూపులూ షేక్‌లూ తప్ప మరేమీ లేకుండా మూడు నుంచి అయిదు నెలలు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ వెనక్కి పోయింది. పదిహేను కిలోలు, ఆపైన తగ్గినవారిలో 86 శాతం మందికి. ఆ పొడిలో దాదాపు 59 శాతం శక్తి పిండిపదార్థం నుంచే వచ్చేది! అంటే కాలేయంలో, క్లోమంలో పేరుకున్న కొవ్వు కరగడం అసలు సంగతి. అది ఏ దారిలో కరిగినా సరే. వీరమాచనేని పద్ధతిలో ‘లిక్విడ్ డైట్’ పాటించినవాళ్లు ఆ రోజుల్లో తిన్నది చాలా తక్కువ. వాళ్లకు మేలు చేసింది కొబ్బరినూనా, తక్కువ తిండా? నూనెకు ఎక్కువ పేరొచ్చిందని నేననుకుంటాను. వంద గ్రాముల నూనెలో 900 కేలరీలు ఉంటాయి. అది పావుకిలో బియ్యానికి సమానం. ఆకలి చంపుతుంది కనుక మిగతా తిండి తగ్గుతుంది, అంతే.

ఇంకో కోణం చూడండి. అంతకుముందు ప్రకృతి వైద్యం చెప్పే మంతెన సత్యనారాయణరాజు ఉప్పు వద్దు, నూనె వద్దన్నారు. ఖాదర్ వలీ సిరిధాన్యాలు తినమన్నారు, 2023లో పద్మశ్రీ అందుకున్నారు. ఒకరు నూనె చుక్క ముట్టవద్దంటే, వీరమాచనేని గ్లాసెడు తాగమన్నారు. మూడో ఆయన చెప్పిన కొర్రలూ అరికెలూ కీటో లెక్కలో నిషిద్ధం. ఇంత ఎడమొహం పెడమొహంగా ఉన్న ముగ్గురి దారుల్లోనూ బాగుపడినవాళ్లున్నారు. ముగ్గురూ తీసేసింది మాత్రం ఒకటే: చక్కెర, మైదా, బజారు చిరుతిండి, రెండోసారి వడ్డించుకునే తెల్లన్నం.

బరువు విషయంలోనూ ఇంతే. కీటో మొదలుపెట్టిన తొలి వారంలో తగ్గే రెండు మూడు కిలోల్లో చాలాభాగం నీరు. కండరాల్లో కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ ఒక్కో గ్రాము మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది, అది ఖర్చవగానే నీరూ పోతుంది. అక్కడినుంచి కొవ్వు తగ్గుతుంది, కానీ మిగతా ఆహార పద్ధతులను మించి కాదు. 2018లో స్టాన్‌ఫర్డ్‌లో 609 మందిని రెండు జట్లుగా విడదీసి ఏడాది పాటు చూసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. పిండిపదార్థం తగ్గించినవాళ్లు సగటున 6 కిలోలు, కొవ్వు తగ్గించినవాళ్లు 5.3 కిలోలు తగ్గారు. లెక్కలోకి వచ్చే తేడా కాదు. షుగర్ మీద 23 పరీక్షలను కలిపి 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్షలో ఆరు నెలలకు తక్కువ పిండిపదార్థం జట్టులో 57 శాతం మందికి, మిగతావారిలో 31 శాతం మందికి షుగర్ వెనక్కి తగ్గింది. ఇది గట్టి గెలుపే. ఏడాది దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా సన్నబడింది. కారణం మన ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. సంక్రాంతికి సకినాలు, మేడారం జాతర నుంచి వచ్చిన బంగారం (బెల్లం), పెళ్లి భోజనాలు. బెల్లాన్ని దేవత ప్రసాదంగా చేతిలో పెడితే ‘నేను కీటోలో ఉన్నా’ అనేవాడు ఎంతమంది?

గుండె మాట. కొబ్బరినూనెలో 82 శాతం దాకా సంతృప్త కొవ్వు. అది చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచుతుందని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో మళ్లీ చెప్పింది. కీటో చేసేవారిలో ట్రైగ్లిజరైడ్లు దిగడం, మంచి కొలెస్ట్రాల్ పెరగడం నిజమే. ఆ రెండూ మనవాళ్లకు ఉన్న పాత లోటు కనుక అది చిన్న మేలు కాదు. కానీ కొందరిలో చెడ్డ కొలెస్ట్రాల్ అయిన ఎల్‌డీఎల్ విపరీతంగా ఎగబాకుతుంది. ఎవరిలో ఎగబాకుతుందో ముందుగా చెప్పలేం. రక్తం తీస్తేనే తెలుస్తుంది. పాతికేళ్ల లెక్కలు చూసి 2018లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనంలో, శక్తిలో సగం నుంచి 55 శాతం దాకా పిండిపదార్థం తిన్నవారిలో చావులు తక్కువ. 40కి లోపున, 70కి పైన ఎక్కువ. దానికి ఒక ఏడాది ముందు 18 దేశాలు చూసిన ప్యూర్ అధ్యయనం పిండిపదార్థం మితిమీరితేనే ముప్పన్నది. రెండు పక్షాలూ ఈ రెండింటిలో తమకు నచ్చినదాన్ని చూపిస్తాయి. రెండూ పక్కపక్కన పెడితే అంత కొట్లాటేమీ కనిపించదు. రెంటిలోనూ ఓడింది మన కంచమే, 60, 70 శాతం అన్నం ఉన్న కంచం.

ఇప్పటిదాకా చెప్పింది ఎవరికైనా వర్తించేది. బాయి దిగేవాడికి వేరే లెక్క ఉంది, దాన్ని ఏ వీడియోలోనూ చెప్పరు.

పిండిపదార్థం ఆగి ఇన్సులిన్ తగ్గగానే కిడ్నీలు ఉప్పును పట్టి ఉంచడం మానేస్తాయి. ఉప్పుతో పాటు నీరూ పోతుంది. తలనొప్పి, నీరసం, కాళ్లు పీకడం, నిలబడితే కళ్లు తిరగడం. దీన్నే ‘కీటో ఫ్లూ’ అంటారు. ఏసీ గదిలో పనిచేసేవాడికి అది నాలుగు రోజుల చికాకు. బాయిలో సంగతి వేరు. కోల్ మైన్స్ రెగ్యులేషన్స్ ప్రకారం పని జాగాలో తడి బల్బు ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు దాటకూడదు, 30.5 దాటితే గాలి సెకనుకు కనీసం మీటరు వేగంతో ఆడాలి. ఆ అంకెలు నియమాల్లో ఎందుకున్నాయంటే, ఆ తేమలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. పైన ఓపెన్‌కాస్టులో మే నెలలో 45 డిగ్రీల ఎండ. అక్కడ చెమట రూపంలో పోయే ఉప్పుకు కీటో వల్ల పోయే ఉప్పు తోడైతే, లీటర్ల కొద్దీ నిమ్మనీళ్లు తాగినా చాలదు. నీళ్లు ఎక్కువై ఉప్పు తక్కువైతే అది మరో ప్రమాదం. బీపీ ఉన్నవాడికి డాక్టరు ఉప్పు తగ్గించమని ఉంటాడు. వాడు ఎవరి మాట వినాలి? పైగా బీపీ గోలీలు పాత డోసులోనే మింగుతుంటే బీపీ మరీ పడిపోతుంది. ఎండకు ఒంట్లో నీళ్లు తగ్గి వచ్చే కిడ్నీ రాళ్లు మన ప్రాంతానికి ముందే పరిచయం. కీటో ఆ ముప్పును పెంచుతుందని మూర్ఛ పిల్లల అనుభవం చెబుతోంది.

అంతకన్నా పెద్ద భయం షుగర్ గోలీల దగ్గర ఉంది. గ్లిమెపిరైడ్ అనేది కడుపులో అన్నం ఉందా లేదా చూడదు, ఇన్సులిన్‌ను బయటికి నెడుతూనే ఉంటుంది. అన్నం మానేసి ఆ గోలీ మింగితే షుగర్ 50కి పడిపోవచ్చు. ఇంట్లో అయితే భార్య చక్కెర నీళ్లు తాగిస్తుంది. వంద టన్నుల డంపర్ స్టీరింగ్ ముందు, లేదా కప్పు కింద సపోర్టు పెట్టే చోట ఆ నిమిషం వస్తే? రెండోది డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు. ఇవి మూత్రంలో చక్కెరను పంపిస్తాయి. వీటితో పాటు కీటో కలిస్తే రక్తం ఆమ్లంగా మారే కీటోఅసిడోసిస్ రావచ్చు. మీటర్లో షుగర్ 180 చూపిస్తుంటుంది, మనిషికి మాత్రం వాంతులు, కడుపునొప్పి, ఆయాసం. అంకె బాగుంది కదా అని ఆసుపత్రికి పోరు. ఈ మందుల గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లోనే హెచ్చరించింది. వీరమాచనేని ఊపు నడిచిన రోజుల్లో ఇవి ఖరీదైన మందులు, వాడేవాళ్లు తక్కువ. 2020లో ఒకదానికి, 2025లో మరొకదానికి మన దేశంలో పేటెంట్ తీరింది. ధరలు పడ్డాయి, చీటీల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తున్నాయి. అందువల్ల 2018లో ‘మా బావ చేశాడు, ఏం కాలేదు’ అనే మాట ఈనాటి మనిషికి ధైర్యం ఇవ్వకూడదు.

ఇంత చెప్పి కీటో వద్దే వద్దని అనలేను. కొత్తగా షుగర్ బయటపడి, పొట్ట పెరిగి, కాలేయానికి కొవ్వు పట్టి, కిడ్నీలు బాగున్న నలభై ఏళ్ల మనిషి డాక్టరు కళ్లముందు మూడు, ఆరు నెలలు చేస్తానంటే అడ్డు చెప్పడానికి నా దగ్గర కారణం లేదు. గని కార్మికులకు తప్పనిసరిగా జరిగే వైద్య పరీక్ష(పీఎంఈ)లో షుగర్, బీపీ, చూపు అన్నీ చూస్తారు. బాయి పనివాడికి షుగర్ ఒంటి సమస్యే కాదు, కొలువు సమస్య కూడా. వాడికి తొందర ఉంటుంది, ఆ తొందరను అర్థం చేసుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బున్నవాళ్లు, చిన్నప్పటినుంచీ ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు సొంతంగా జోలికి పోకూడదు. మొదలుపెట్టేవాడు క్రియాటినిన్, లిపిడ్లు, హెచ్‌బీఏ1సీ చూపించుకుని, గోలీల చీటీ డాక్టరు ముందు పెట్టి ఏది ఆపాలో ఏది తగ్గించాలో రాయించుకోవాలి. తొలి రెండు వారాలు మే నెలలో పడకుండా, నైట్ షిఫ్టు వారం కాకుండా చూసుకోవాలి. వీలైతే సెలవులో మొదలుపెట్టాలి. తన మైనింగ్ సర్దార్‌కు ఆ మాట చెప్పి ఉంచాలి.

మిగతా అందరికీ ఇంత కఠినం అక్కర్లేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు ధాన్యాల నుంచి వచ్చే శక్తిని 45 శాతానికి దించమంటాయి. ఐసీఎంఆర్ వాళ్లు 2022లో 18 వేల మంది తిండి లెక్కలు చూసి, షుగర్ వెనక్కి పోవాలంటే పిండిపదార్థం 49 నుంచి 54 శాతం, మాంసకృత్తులు 20 శాతం దాకా ఉంటే మేలని అంచనా కట్టారు. ఇది పరీక్ష చేసి తేల్చింది కాదు, లెక్క కట్టి చెప్పింది. అయినా మన వంటింట్లో సాధ్యమయ్యే లెక్క. అన్నం సగానికి తగ్గించి, ఆ జాగాలో రెండు గుడ్లు, చేప, పెసలు, శనగలు, ఆకుకూర పెట్టడం. ఇందులో నూనె గ్లాసు లేదు, నిషేధం లేదు, కాబట్టి దీనికి సభలు జరగవు.

డబ్బు సంగతి కూడా చూడాలి. రేషన్‌లో ఇప్పుడు మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తోంది. గుడ్డు, చికెన్, నెయ్యి, బాదం కొనాల్సిందే. పర్మనెంట్ కార్మికుడు ఎలాగో కొంటాడు. అదే గనిలో కాంట్రాక్టు కింద పనిచేసేవాడికి కీటో అందని మాట. నిబంధనల ప్రకారం పెద్ద గనికి క్యాంటీన్ ఉండాలి, దాన్ని చూసుకునే కమిటీలో కార్మికుల ప్రతినిధులూ ఉండాలి. యూనియన్లు ఎన్నో అంశాల మీద మేనేజ్‌మెంట్‌తో కూర్చుంటాయి. పూరీ, వడ అమ్మే ఆ కౌంటర్ మీదే, అదే ధరకు, ఉడికించిన గుడ్లూ పెసల గుగ్గిళ్లూ పెట్టించే తీర్మానం ఒకటి కమిటీ ముందు పెట్టవచ్చు. మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు వాళ్లకే కాదు, రాత్రి పదకొండింటికి దిగేవాళ్లకూ అవి దొరకాలి.